పాప పాటల పోటీ కోసం కొన్న ఎలక్ట్రానిక్ తంబూరా: ఏడాది వాడాక నా మాట

పాడేవాళ్లకు శ్రుతి, అంటే ఆధార స్వరం, ఇచ్చే తంబూరా యాప్ ఫోన్‌లో ఉచితంగా వస్తుంటే మూడున్నర వేలు పోసి పెట్టె ఎందుకు కొనాలి అని పిల్లలకు సంగీతం చెప్పించే ఇళ్లలో అందరూ అడుగుతారు. మూడేళ్లు నేనూ అదే మాట అన్నాను. పోయిన సంవత్సరం స్కూలు పాటల పోటీలో ఒకటి జరిగింది, దాంతో కొన్నాను. ఈ సంవత్సరం పోటీలో ఇంకొకటి జరిగింది. ఆ రెండూ చెప్పకుండా స్పీకర్ బాగుంది, బ్యాటరీ పర్లేదు అని రాస్తే ఈ పెట్టె విలువ ఎవరికీ అర్థం కాదు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

మాది అనంతపురం. బోరు మోటార్లకు వైండింగ్ కట్టే షాపు పెట్టుకుని ఇరవై ఏళ్లయింది. నాకు సంగీతం రాదు గానీ శబ్దం తెలుసు. ఒక ఫేజు పోయిన మోటారు ఎట్లా మూలుగుతుందో, బేరింగు అరిగితే ఎట్లా కీచుమంటుందో విప్పకముందే చెప్పగలను. ఇక్కడ రాగాల గురించి రాసిందంతా పాప సంగీతం మేడం చెప్పింది, పాప నాకు విడమరిచింది. పెట్టె గురించి, కరెంటు గురించి రాసింది నా సొంతం.

పోయిన సంవత్సరం పాప నాలుగో తరగతి. పోటీ ఒక స్కూలు హాల్లో. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, పక్కవాద్యాలు లేవు, శ్రుతికి ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఇంట్లో సాధన నా ఫోన్‌తోనే కాబట్టి అదే ఇచ్చాను, సైలెంట్‌లో ఉందా లేదా అని రెండుసార్లు చూసుకునే ఇచ్చాను. మైకు పక్కన చిన్న స్టూలు మీద పెట్టుకుంది. పల్లవి చక్కగా అయింది, అనుపల్లవి ఎత్తుకుంది, ఉన్నట్టుండి తంబూరా ఆగిపోయింది. రింగు రాలేదు, స్క్రీన్ మాత్రం వెలిగింది. సైలెంట్‌లో ఉన్నా కాల్ వస్తే యాప్ ఆగిపోతుందని అప్పటిదాకా నాకు తెలీదు. పాప ఒకసారి ఫోన్ వైపు చూసింది, ఒకసారి మూడో వరసలో ఉన్న నా వైపు చూసింది, పాట మాత్రం ఆపలేదు. లేచి పోవాలా, కూర్చోవాలా, ఏమీ తోచలేదు నాకు. చరణంలోకి వచ్చేసరికి గొంతు కొద్దికొద్దిగా పైకి జరుగుతోందని నాకే తెలిసిపోతోంది. అంతలో అవతలి మనిషి కాల్ పెట్టేశాడు, తంబూరా తనంతట తానే మళ్లీ మొదలైంది. తంబూరా ఒక చోట, పాప ఒక చోట. పళ్ల చక్రాలు రెండు పన్ను తప్పి తిరుగుతున్నట్టుంది. తల వంచుకుని కాగితాలు చూసుకుంటున్న వాళ్లు కూడా తలెత్తారు. పాప ముఖం కందిపోయింది, అయినా వెతుక్కుని వెతుక్కుని కిందికి దిగి శ్రుతి అందుకుంది, పాట ముగించింది, దండం పెట్టి వచ్చి నా పక్కన కూర్చుంది. ఒక్క మాట అనలేదు. బండి మీద సప్తగిరి సర్కిల్ దాటాక వెనక నుంచి అడిగింది, "ఎవరు నాన్నా ఫోన్ చేసింది?" అని.

గార్లదిన్నె దగ్గర ఒక రైతు. సాయంత్రం నేను చేస్తే "అన్నా, మోటరు కాలిపాయ, చీనీ చెట్లు ఎండిపోతాండాయి" అన్నాడు. ఆయన తప్పేముంది. ఆ ఫోన్ మా ఇంటి బువ్వ. దాన్ని పిల్ల పాటకు ఆధారంగా ఇచ్చింది నేను.

ఫ్లైట్ మోడ్‌లో పెట్టొచ్చు కదా అంటారు. పెట్టొచ్చు, యాప్ మోగుతుంది, కాల్ రాదు. యాప్‌లు కూడా మంచివే ఉన్నాయి, వాటిని తక్కువ చేయడం లేదు. కానీ ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే నాకు తట్టింది వేరే. పొద్దున ఏడున్నరకు ఆ ఫోన్ నాతోపాటు షాపుకు వస్తుంది, రాత్రి తొమ్మిదికి ఇంటికి చేరుతుంది. పాప సాధన చేయాలంటే నేను ఇంట్లో ఉండాలి. సాయంత్రం స్కూలు నుంచి వచ్చి నాలుగు నుంచి ఆరు దాకా ఖాళీగా ఉన్న పిల్ల, తంబూరా లేకుండా ఊరికే పాడుకుంటూ ఉంటుంది. అంటే దాని శ్రుతి నా జేబులో ఉంది. అదీ నేను కొనడానికి అసలు కారణం.

రాగి తీగ కోసం రెండు మూడు నెలలకోసారి బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోతాను. ఆ నెల పోయినప్పుడు వాయిద్యాల షాపుకు కూడా పోయాను. మేడం ముందే చెప్పి పంపారు: శ్రుతి పెట్టె అని అడగొద్దు, తంబూరా అని అడగండి, పంచమం (ప) నుంచి మధ్యమానికి (మ) మార్చే స్విచ్ ఉందో లేదో చూసుకోండి అని. రెండింటికీ తేడా షాపులో వింటే గానీ నాకు తెలియలేదు. శ్రుతి పెట్టె హార్మోనియం లాగా ఒకే ధారగా మోగుతుంది. తంబూరా అయితే నాలుగు తీగలు ఒకటి తర్వాత ఒకటి మీటినట్టు వినిపిస్తుంది, ముందు పంచమం, తర్వాత సారణి, అంటే స పలికే తీగ, రెండుసార్లు, ఆఖరున కింది షడ్జం, అంటే కింది స, మళ్లీ మొదటికి. దాంట్లో ఊపిరి పీల్చుకునే చోటు ఉంటుంది. చిన్నపిల్లలకు అదే నయం అని మేడం మాట, విన్నాక నాకూ అదే అనిపించింది.

శ్రుతి లెక్క తెలియనివాళ్లకు ఒక మాట. హార్మోనియం మీద తెల్ల మెట్లు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడితే, మధ్యలో నల్ల మెట్లు ఒకటిన్నర, రెండున్నర అవుతాయి. మగవాళ్లు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర దగ్గర పాడతారు, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర, ఆరు దగ్గర. మా పాపది ఐదున్నర. కొనేముందు మీ పిల్లలది ఎంతో గురువును అడిగి, షాపులోనే ఆ శ్రుతిలో పెట్టించి పది నిమిషాలు వినండి. చాలామంది మోగుతోందా లేదా అని చూసి డబ్బులు ఇచ్చేస్తారు.

పెట్టె పెద్ద నిఘంటువంత ఉంటుంది, బరువు కిలో లోపే. ముందు వైపు స్పీకర్ జాలీ, మూడు నాబ్‌లు, శ్రుతి ఎంతో చూపించే ఎర్ర అంకెలు. వెనక వైపు అడాప్టర్ రంధ్రం, ఆరు పెన్సిల్ సెల్లుల గూడు, గోరంత జారుడు స్విచ్ ఒకటి, అదే పంచమం–మధ్యమం మార్చేది. ఇంటికి తెచ్చిన రోజే విప్పాను, వారంటీ పోతుందని తెలిసీ విప్పాను, ఎందుకంటే లోపల ఏముందో తెలియని వస్తువును నేను ఇంట్లో పెట్టుకోలేను. బోర్డు శుభ్రంగా ఉంది, టంకాలు బాగా పెట్టారు. శ్రుతి కదలడం లేదు, అది ముఖ్యం. ఫోన్‌లో ట్యూనర్ పెట్టి చూశాను, ఐదున్నరలో సారణి 208 హెర్ట్జ్ దగ్గర ఉంది. మే నెల మధ్యాహ్నం మా మేడ మీది రూము కొలిమిలా ఉంటుంది, అప్పుడు రెండు గంటలు మోగించి చూసినా అంతే ఉంది.

ఇక అడాప్టర్. పెట్టెతో ఇచ్చింది ఆరు నెలలకే పోయింది. ఊళ్లో నూట యాభైకి ఒకటి దొరికితే తెచ్చి పెట్టాను. వారం తిరక్కుండానే పాప "తంబూరా వణుకుతోంది నాన్నా" అంది. నాకు ముందు అర్థం కాలేదు. చెవి ఆనించి వింటే తీగల శబ్దం కింద సన్నగా జుమ్మనే రొద, అది నాకు రోజూ షాపులో వినిపించేదే. మన కరెంటు 50 హెర్ట్జ్, అడాప్టర్ లోపల డీసీగా మారేటప్పుడు సరిగ్గా వడకట్టకపోతే 100 హెర్ట్జ్ రొద మిగులుతుంది. ఐదున్నర శ్రుతిలో కింది షడ్జం 104 దగ్గర. 100, 104 పక్కపక్కన మోగితే సెకనుకు నాలుగు సార్లు శబ్దం ఉబ్బి తగ్గుతుంది. పాప వణుకు అన్నది దాన్నే. పదేళ్ల పిల్ల చెవికి అది తగిలింది చూడండి. లోపల పెద్ద కెపాసిటర్ ఒకటి వేశాను, రొద పోయింది. మీకు ఆ పని రాకపోతే చవక అడాప్టర్ జోలికి పోవద్దు, సెల్లులతో వాడండి. రోజుకు గంట వాడితే సెల్లులు మాకు రెండు వారాలు వస్తున్నాయి. కరెంటు పోయినా సాధన ఆగదు, అది ఇంకో లాభం.

సాధన ఎట్లా మారిందో చెప్పాలి. మేడం మొదటి నెల పాట ముట్టుకోనివ్వలేదు. పొద్దున ఐదున్నరకు లేచి పెట్టె ముందు కూర్చుని పది నిమిషాలు షడ్జం ఒక్కటే పట్టడం, ఆ తర్వాతే సరళీ వరుసలు, అంటే మొదట్లో నేర్పే స్వర పాఠాలు. రెండో నెల నుంచి వాల్యూమ్ కొంచెం కొంచెం తగ్గించమన్నారు, వెతుక్కుని వినాలట. సంక్రాంతి నాటికి ఎంత తగ్గిందంటే పక్క గదిలో ఉన్న నాకు వినిపించేది కాదు, పాప గొంతు మాత్రమే వినిపించేది. సాయంత్రం నేను ఇంట్లో లేనప్పుడు కూడా తనే పెట్టుకుంటుందని మా ఆవిడ చెప్పింది. దుమ్ము పడకుండా గుడ్డ కప్పుతుంది, నాబ్ తిప్పేది తనే, సెల్లులు మార్చేది తనే. తమ్ముణ్ణి ముట్టుకోనివ్వదు.

ఈ సంవత్సరం పోటీకి అన్నమయ్య కీర్తన ఒకటి నేర్పారు, హిందోళ రాగంలో. ఆ కీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద ఉన్నాయని, వాటికి స్వరాలు కూర్చడానికి కష్టపడినవాళ్లలో మన అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మ గారు ఒకరని, 1974లో ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చారని మేడం క్లాసులో చెప్పారట, పాప వచ్చి గొప్పగా చెప్పింది. ఆ రాళ్లపల్లి ఉండేది కంబదూరు మండలంలో, మా షాపుకు మోటార్లు తెచ్చే రైతుల్లో కంబదూరు వైపు వాళ్లు కూడా ఉన్నారు. "మీ పక్క ఊరాయనే" అని ఒకాయనతో అంటే ఆయన కూడా సంబరపడ్డాడు.

హిందోళంలో స గ మ ద ని, అంతే. రి లేదు, ప లేదు. ప లేని రాగానికి తంబూరాలో పంచమం మోగుతుంటే కుదరదు, మధ్యమానికి మార్చుకోవాలి. మేడం స్విచ్ గురించి అంత గట్టిగా ఎందుకు చెప్పారో అప్పుడు అర్థమైంది.

పోటీ రోజు పొద్దున ఉగ్గాని చేశారు, బజ్జీ మాత్రం పాపకు పెట్టలేదు, నూనె గొంతుకు పడదని వాళ్లమ్మ. హాల్లో అడుగు పెట్టగానే నాకు రొద వినిపించింది, స్పీకర్ బాక్సుల్లో జుమ్మని. మైకుల అబ్బాయి దగ్గరికి పోయి "తమ్ముడూ, మిక్సరు ఒక కరెంటు బోర్డులో, ఆంప్లిఫయరు ఇంకో కరెంటు బోర్డులో పెట్టావు, రెండూ ఒకే దాంట్లో పెట్టి చూడు" అన్నాను. పెట్టాడు, చాలావరకు తగ్గింది. ఆ తర్వాత ఇక నేను చేయగలిగింది ఏమీ లేదు, పోయి ఐదో వరసలో కూర్చున్నాను.

పాప నంబరు పద్నాలుగు. పట్టు లంగా కాలికి తట్టుకోకుండా ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో పెట్టె సంచి పట్టుకుని ఎక్కింది. సంచిలోంచి తీసి స్టూలు మీద పెట్టింది, ఆన్ చేసింది. తంబూరా మొదలైంది. నా చెవికి ఏదో తేడాగా ఉంది, రెండు నెలలుగా పొద్దున్నే వింటున్న శబ్దం కాదది, కానీ ఏమిటో తేలలేదు. పాప షడ్జం పట్టడానికి నోరు తెరిచి మూసేసింది. వంగింది. స్పీకర్ జాలీకి చెవి దగ్గరగా పెట్టి నాలుగు తీగలూ ఒక చుట్టు తిరిగేదాకా కదలకుండా విన్నది. న్యాయనిర్ణేతల్లో ఒకాయన గడియారం చూసుకున్నాడు. నా ముందు కుర్చీ వీపు పట్టుకుని నేను సగం లేచి ఉన్నాను, పక్కనున్న ఆమె "కూర్చోండి సార్, చూసుకుంటాది" అనేదాకా నాకే తెలీదు. పాప పెట్టెను వెనక్కి తిప్పి, బొటనవేలి గోరుతో స్విచ్ జరిపి, మళ్లీ ముందుకు తిప్పి, ఇంకో చుట్టు విన్నది. నిటారుగా నిలబడి దండం పెట్టింది. అంతా కలిపి పదిహేను సెకన్లు కూడా ఉండదు. నాకు మాత్రం పోయిన సంవత్సరం నుంచి అప్పటిదాకా పట్టినంత సేపు అనిపించింది.

అప్పుడు పాడింది. తొడ మీద ఆది తాళం, చిటికెన వేలు నుంచి లెక్క. మొదటి వరస కొంచెం గొంతు వణికింది, రెండోసారి తిప్పి పాడేటప్పటికి నిలబడింది. చరణంలో ఒక సంగతి, అంటే అదే వరసను మార్చి పాడే తీరు, వదిలేసింది, తను నేర్చుకున్నవి నాలుగు, పాడినవి మూడు. నాకు లెక్క తెలుసు, అన్ని రోజులు విన్నాను కదా. పోయినసారి లాగా గొంతు జరుగుతుందేమో అని చరణం మొత్తం నేను ఊపిరి బిగబట్టుకుని విన్నాను, జరగలేదు. ఆఖరున షడ్జం మీదికి దిగి నిలిపింది. గొంతు ఎక్కడ ఆగిందో, తంబూరా ఎక్కడ మిగిలిందో విడదీయలేకపోయాను. మా ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. నేను నా చేతులు చూసుకున్నాను, చప్పట్లు కొట్టడం మరిచిపోయాయి.

రెండో బహుమతి వచ్చింది. మొదటిది ఒక చిన్న బాబుకు ఇచ్చారు, వాడు నిజంగానే బాగా పాడాడు, గమకాలు, అంటే స్వరాల ఊపులు, వాడివే బాగున్నాయి. బహుమతి ఇచ్చేటప్పుడు న్యాయనిర్ణేత మేడం పాపను అడిగారు, మొదట్లో ఎందుకు ఆగావమ్మా అని. "పంచమం మోగుతోంది మేడం, హిందోళంలో పంచమం లేదు" అంది. ఆమె నవ్వి తల మీద చెయ్యి వేశారు.

ఇక పెట్టె తప్పు చెప్పాలి. ఆ స్విచ్ కదలడం పాప తప్పు కాదు. సంచిలో పెట్టేటప్పుడు మధ్యమంలోనే ఉంది, నేను కూడా చూశాను. దానికి గట్టిగా కూర్చునే పన్ను లేదు, సంచి గుడ్డ రాసుకున్నా జారుతుంది. అంత ముఖ్యమైన స్విచ్‌ను వెనక్కి పెట్టడం ఒక తప్పు, అంత వదులుగా పెట్టడం ఇంకో తప్పు. పోటీలకు తీసుకుపోయే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. ముందు వైపు అంకెల దగ్గరే ఇది పంచమం, ఇది మధ్యమం అని చిన్న దీపం వెలిగేలా చేసి ఉంటే సరిపోయేది. షాపులో నేను చూసిన మూడింటిలో రెండింటికి ఇదే రకం స్విచ్ ఉంది, కొనేటప్పుడు వేలితో కదిపి చూసుకోండి. వాల్యూమ్ హాలుకు చాలదు, మైకుకు దగ్గరగా పెట్టాల్సిందే. సంచి నాసిరకం, జిప్పు రెండో నెలలోనే పోయింది, మా ఆవిడ పాత జీన్స్ గుడ్డతో కుట్టింది.

పిల్లలు ఇప్పుడే చేరి ఉంటే తొందరపడొద్దు, మొదటి సంవత్సరం యాప్ చాలు, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఇవ్వండి. గీతాలు దాటి కీర్తనల్లోకి వచ్చి, రోజూ తనంతట తాను కూర్చుంటున్న పిల్ల అయితే మాత్రం కొనండి, కొని దాని చేతికే ఇవ్వండి, ఇంట్లో ఇంకెవరూ నాబ్ ముట్టుకోవద్దు. మూడున్నర వేలు నాకు తేలిక కాదు, రెండు మోటార్ల కూలి. ఇచ్చినందుకు బాధ లేదు.

పోటీ నుంచి వచ్చిన రాత్రే స్విచ్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు గట్టిగా వేశాను, మధ్యమం దగ్గర, ఇంక కదలదని. మొన్న సోమవారం క్లాసు నుంచి వచ్చి పెట్టె నా ముందు పెట్టింది. "టేపు తీసెయ్యి నాన్నా, మేడం మోహనం మొదలుపెట్టారు, దాంట్లో పంచమం ఉంది" అంది.